ఒప్పుకున్నారని చెప్పాను

ఆమె పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను చారుకు చింతపండు పిసుకుతున్నాను. ఫోను వంటగట్టు మీద ఉంది. ఎడమ చేత్తో తెరిచి చూస్తే ఆమె మేనకోడలి మెసేజ్. ఇంగ్లీషులో నాలుగు వరుసలు. అత్త పది రోజుల కిందట నిద్రలోనే పోయింది, అక్కడ ఇంకా మంచు కురుస్తోంది, బళ్ళారివాళ్ళకు తప్పకుండా చెప్పమని కాగితం మీద రాసి పెట్టింది. బళ్ళారివాళ్ళంటే నేనే. ఇక్కడ ఇంకెవరికీ ఆమె ఉత్తరాలు రాయలేదు.

పిప్పి పారేసి చారు పొయ్యి మీద పెట్టాను. పోపు మాడలేదు, ఉప్పు సరిగ్గానే పడింది. మా ఆయన భోజనం చేస్తూ "ఇవాళ చారు బాగా కుదిరింది" అన్నాడు. అప్పుడు చెప్పాను, మన సిరుగుప్ప ఇంట్లో ఉండిన ఫిన్లాండ్ ఆవిడ పోయిందట అని. "అయ్యో పాపం" అని మజ్జిగ కలుపుకున్నాడు. ఏడుపు వస్తుందేమోనని సాయంత్రం దాకా చూశాను. రాలేదు. గాంధీనగర్ కూరగాయల బండి దగ్గర బెండకాయలు ఏరుతూ కూడా చూసుకున్నాను, లోపల ఏమైనా కదులుతుందా అని. ఏమీ లేదు. ఇంజక్షన్ ఇచ్చాక దవడ ఉంటుందే, ఉందని తెలుస్తుంది గానీ మనది కాదనిపిస్తుంది, అట్లా ఉంది.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరికీ పలకదు. హాస్టల్ పిల్లలు మేడమ్ అనేవాళ్ళు, మా అత్తగారు పొడుగావిడ అనేది. ఆ రెండు పిలుపులకూ ఆమె పలికేది.

ఏడేళ్ళ కిందటి మాట. అప్పుడు మేము సిరుగుప్పలో ఉండేవాళ్ళం. మా మామగారి తండ్రి గోదావరి వైపు నుంచి వచ్చి తుంగభద్ర కాలవ కింద పొలం కొన్నాడు. అట్లా వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఊళ్ళను ఇక్కడ ఇప్పటికీ క్యాంపులనే అంటారు, మూడు తరాలు దాటినా గుడారాలేసుకుని ఉన్నట్టు. నేను హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. ఊరి చివర చిన్న ట్రస్టువాళ్ళు నడిపే ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉండేది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలు అందులో ఉండేవాళ్ళు. వాళ్ళతో ఒక ఏడాది గడపడానికి, జీతం భత్యం లేకుండా, అంత దూరం నుంచి ఆమె వచ్చింది. అరవై ఒక్కేళ్ళు. వాళ్ళ ఊరి ఈతకొలనులో పిల్లలకు ముప్పై ఏళ్ళు ఈత నేర్పి రిటైరైంది. ట్రస్టు సెక్రటరీ మా ఇంటికొచ్చి, "మీ మేడ మీద రూము ఖాళీగానే ఉండాది గదమ్మా, స్వల్ప అడ్జస్ట్ చేసుకోండి" అన్నాడు. ఆమె మా మేడ మీద దిగింది. ఆమెకు తెలుగు రాదు, కన్నడ రాదు. పిల్లల అమ్మానాయనలకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను.

ఆమె అవునన్న మాటను బయటికి అనేది కాదు, గాలి లోపలికి పీల్చుకుంటూ "యో" అనేది. వాళ్ళ దేశంలో చాలామంది అట్లాగే అంటారట. మా అత్తగారు రెండు రోజులు విని, "ఆవిడకి ఆయాసం ఉన్నట్టుందే అమ్మాయ్, చెప్పుకోలేక బాధపడుతోంది" అని వాము కషాయం కాచి గ్లాసు నిండా పోసిచ్చింది. ఆమె మొత్తం తాగి, ఇది ఎందుకు అని నన్నడిగింది. అరుగుదలకు అని చెప్పాను. అత్తగారేమో "తగ్గిందటనా?" అంది. తగ్గిందట అని చెప్పాను. ఇద్దరూ సంతోషించారు. మూడు నెలలపాటు ఒకావిడ ఆయాసానికి కాచింది, ఇంకొకావిడ అరుగుదలకు తాగింది. నా పనితనం మీద నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చటే కొంప ముంచింది.

వీధిలోవాళ్ళు "అన్నం తింటిరా మేడమ్?" అంటే ఆగిపోయేది. నన్ను పిలిచి అర్థం కనుక్కుని, ఏం తిన్నదో, ఎంత తిన్నదో, ఏది మిగిల్చిందో వరుసగా చెప్పేది. ఎదురింటి ఈరమ్మ నవ్వలేక చచ్చేది. "ఏందమ్మా, మాటవరసకు అడిగితే పప్పులో ఎన్ని మెంతులున్న్యాయో గూడా చెప్తాండాది!" ఐదు నిమిషాల్లో వస్తానంటే ఐదో నిమిషానికి గేటు దగ్గరుండేది. మనం రాకపోతే కోప్పడేది కాదు, గడియారం చూసుకుని మన వైపు చూసేది. ఆ చూపు నాకు పడేది కాదు. మే నెల ఎండలో మేమంతా తడిగుడ్డలు కప్పుకుని మూలుగుతుంటే, వాళ్ళ ఊళ్ళో చెమట పట్టించుకోవడానికి చెక్కతో ఒక గది కట్టుకుని పొయ్యి పెట్టుకుంటారని చెప్పింది. "మాకు ఊరూరంతా అదే గది" అన్నది మా అత్తగారు. అది నేను తర్జుమా చేస్తే ఆమె చాలాసేపు ఆలోచించి, "కానీ మీకు తలుపు లేదు" అంది. జోకు వేసిందో నిజంగానే జాలిపడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమెలో నాకు నిజంగా గొప్పగా అనిపించింది ఒకటే. పిల్లల్ని ఏదైనా అడిగితే జవాబు వచ్చేదాకా ఆగేది. నేనైతే క్లాసులో ప్రశ్న అడిగి, మూడు లెక్కపెట్టేలోపు నేనే జవాబు చెప్పేసి ముందుకు పోతాను. మన పిల్లలకు అదే అలవాటు. ఆమె కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. పిల్ల తల వంచుకున్నా, వెనకనుంచి మిగతావాళ్ళు కిసకిసలాడినా అలాగే కూర్చునేది. మొదట్లో పిల్లలు భయపడ్డారు. తర్వాత మెల్లగా ఒక్కో మాట బయటికి రావడం మొదలైంది.

రేణుక అట్లా మాట్లాడిన పిల్లే. తొమ్మిదో తరగతి. నాయన హనుమంతప్ప, తరాలుగా ఇక్కడి తెలుగువాళ్ళే, కాలవ ఒడ్డున వరి పొలం, ఒక లారీ ఉన్న మనిషి. ఒక సాయంత్రం ఆమె పిల్లల్ని వరుసగా, నీకు దేనంటే భయం అని ఇంగ్లీషులో అడుగుతూ వచ్చింది. పాము, దయ్యం, లెక్కల సారు అని తలా ఒకటి చెప్పారు. రేణుక దగ్గరికొచ్చేసరికి ఆగింది. ఎంతసేపంటే, ట్యూషన్ గంట కొట్టారు, మిగతా పిల్లలు లేచి వెళ్ళిపోయారు, నాకు ఇంటి దగ్గర పాలు కాగబెట్టాల్సిన వేళ దాటిపోయింది. చివరికి రేణుక "వాటర్" అంది. అంతే. ఆమె గాలి లోపలికి పీల్చి "యో" అంది.

ఇంటికొస్తూ అడిగింది. "కాలవ ఎంత దూరం?" హాస్టల్ వెనక గోడ దాటితే కాలవే. "ఈ పిల్లల్లో ఎంతమందికి ఈత వచ్చు?" ఒక్కరికీ రాదు. మగపిల్లలు బర్రెల తోకలు పట్టుకుని ఎట్లాగో నేర్చుకుంటారు, ఆడపిల్లలకు ఎవరు నేర్పుతారు? ఆమె దారిలోనే నిలబడిపోయింది. వాళ్ళ దేశంలో బడిలో చదువుతోపాటు ఈత తప్పనిసరట. నీళ్ళ పక్కన ఉండి ఈత రాకపోవడమనేది ఆమెకు అర్థం కాలేదు. ఎన్నిసార్లు చెప్పినా, "కానీ ఎందుకు?" అని మొదటికొచ్చేది.

ఆ వారం నుంచి ఆమెకు ఇంకో ధ్యాస లేదు. హాస్టల్ వెనక తోటలో ఒక రైతు తవ్వించిన కృషిహొండ ఉంది, పొలానికి నీళ్ళు నిలవ చేసుకునే చదరపు గుంట. ఛాతీ లోతు నీళ్ళు. ఆ రైతును అడిగి ఒప్పించింది. బజారులో దర్జీ దగ్గర మందపాటి గుడ్డతో మోకాళ్ళ కిందిదాకా ప్యాంటు, మోచేతులు దాటే చొక్కా, ముందు ఆరుగురు పిల్లలతో మొదలుపెడదామని ఆరు జతలు కుట్టించింది. దర్జీ, "ఏ స్కూలు యూనిఫారం టీచరమ్మా ఇది?" అని మూడుసార్లు అడిగాడు. మా అత్తగారి పాత చీరలు ఎనిమిది అడిగి తీసుకుని, కట్టెలు పాతి, గుంట చుట్టూ పరదా కట్టింది. ఆ వయసులో ఆ ఎండలో ఒక్కతే కట్టింది. ఎవరి కన్నూ పడదని నన్ను నాలుగు వైపులా నిలబెట్టి చూపించింది.

ఆదివారం ఆ ఆరుగురు పిల్లల అమ్మానాయనలను పిలిచారు. హాస్టల్ హాల్లో చాపలు పరిచారు. ఆమె లేచి, ఏం చెయ్యబోతున్నదో చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. తర్వాత ఒక్కొక్కరిని అడిగింది.

"మేడమ్ అంత దూరం నుంచి వచ్చి చెప్తాంటే మేము కాదంటామా!" అంది ఒక తల్లి.

"నాట్లు అయిపోనీ టీచరమ్మా, చూద్దాం" అన్నాడొకాయన.

"ఇంట్లో పెద్దోళ్ళను ఒక మాట అడిగి చెప్తాం లే."

ఇవి విన్న మనిషెవరికైనా తెలుసు, ఎవరూ పంపరు. చిన్నపిల్లకు కూడా తెలుసు. ఎదురుగా ముఖం మీద వద్దని అనలేక అనే మాటలివి. నేను కూడా ఇట్లాంటి మాటలు రోజుకు పది అంటాను. హనుమంతప్ప చివర లేచాడు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"టీచరమ్మా, నా చెల్లెలు ఈ కాలవలోనే పాయ. పద్నాలుగేండ్లు దానికి. బట్టలుతకను పొయ్యి జారింది. రెండు దినాలకు తూము కాడ దొరికింది. ఆ పొద్దు మా అమ్మకు మాటిచ్చిన్యా, మా ఇంట్లో ఆడబిడ్డ నీళ్ళల్లో దిగదని. మేడమ్ మంచికే చెప్తాండారు, పెద్దావిడ. ఆమె మనసు నొప్పించద్దండి. చూద్దామన్న్యాడని చెప్పండి."

ఆమె నా ముఖం చూస్తోంది. ఆయన అంత మాట్లాడాడు కాబట్టి ఏదో పెద్ద సంగతేనని ఆమెకు తెలుసు. పరదాలు కట్టీ కట్టీ అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆ చెల్లెలి సంగతి చెబితే ఆమె ఊరుకోదు, పదిమందిలో ఆయన్ను తిరిగి తిరిగి అడుగుతుంది. ఆయన తల దించుకోవలసి వస్తుంది. ఇదంతా ఆ ఒక్క క్షణంలో నేను లెక్కవేశాను.

"కాలవ ఎంత ప్రమాదమో ఆయనకు తెలుసట" అన్నాను ఇంగ్లీషులో.

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్నారు. అందరూ ఒప్పుకున్నారు."

ఆమె గాలి పీల్చి "యో" అంది. నవ్వలేదు గానీ ముఖమంతా ఎర్రబడింది.

నాలుగు రోజులు చూసి, ఒక్క పిల్లా రాకపోతే ఆమెకే అర్థమవుతుందని నా నమ్మకం. మనలో ఎవరికైనా అట్లాగే అర్థమవుతుంది. ఎవరూ ఎవరికీ ముఖాన చెప్పనక్కర్లేదు, నొచ్చుకోనక్కర్లేదు, పని దానంతటది ఆగిపోతుంది. పెళ్ళిసంబంధాలు కూడా మనకు ఇట్లాగే ఆగుతాయి. ఆమెకు అట్లా అర్థమవదని నాకు తట్టనే లేదు. ఇన్ని నెలలు ఒకే ఇంట్లో ఉన్నాను, తట్టలేదు.

రోజూ ఉదయం ఆరింటికి ఆరు జతలూ సంచిలో పెట్టుకుని గుంట దగ్గరికి పోయేది. నేనూ వెంట పోయేదాన్ని. గట్టు మీద ఆరు తువ్వాళ్ళు పరిచి, ఏడింటిదాకా కూర్చునేది. మళ్ళీ మడిచి సంచిలో పెట్టేది. నాలుగో రోజు అడిగింది, ఎందుకు రాలేదని. నాట్లు కదా అన్నాను. ఎనిమిదో రోజు అడిగితే, పీరీల పండగ అన్నాను. పన్నెండో రోజు నుంచి అడగడం మానేసింది. మానేసింది కానీ పోవడం మానలేదు. నాకు విసుగొచ్చింది, సిగ్గేసింది, చివరికి ఆమె మీదే కోపమొచ్చింది. ఇంత వయసొచ్చింది, ఇంత తెలియదా అని. నోరు తెరిచి ఒక్క మాట చెప్పడానికి నాకు రెండు వారాలకు పైగా టైముండింది.

తర్వాత ఆమే పిల్లలకు చెప్పింది. సాయంత్రం క్లాసులో చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో, మీ అమ్మానాయనలు సరే అన్నారు, నా చెవులతో విన్నాను అంది. ఐదుగురు పిల్లలు నేలచూపులు చూశారు. వాళ్ళ ఇళ్ళ సంగతి వాళ్ళకు తెలుసు. రేణుక మాత్రం నా వెనకే గేటుదాకా వచ్చింది.

"నిజంగానేనా టీచర్? మా నాయన సరే అన్న్యాడా?"

అక్కడైనా చెప్పవచ్చు. చెప్పలేదు.

"మేడమ్ చెప్పారు కదమ్మా" అన్నాను.

మర్నాడు ఆరింటికి రేణుక వచ్చింది. ఆ పొడుగు చొక్కా తొడుక్కుని గట్టు మీద గజగజ వణుకుతూ నిలబడింది. ఆమె ముందు తాను దిగి, ఛాతీ లోతులో నిలబడి, చెయ్యి చాచి ఆగింది. రమ్మని అనలేదు. ఎప్పటిలాగే ఆగింది. సూర్యుడు చీరల పరదా పైకి వచ్చాక రేణుక కాలు పెట్టింది. మూడో రోజుకు నీళ్ళ మీద వెల్లకిలా పడుకుంది. ఆమె అరచెయ్యి పిల్ల తల కింద ఉంది. మెల్లగా ఆ చెయ్యి తీసేసింది. రేణుకకు తెలియలేదు. కళ్ళు మూసుకుని తేలుతోంది. ఆమె రెండు చేతులూ పైకెత్తి నాకు చూపించింది, చూడు, నేను పట్టుకోలేదు అని. ఏడాది మొత్తంలో ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. నాకూ సంతోషమేసింది. ఆ సంతోషంలో, ఏముందిలే, అంతా సర్దుకుంటుందనుకున్నాను.

తొమ్మిదో రోజు పరదా అవతల బైకు ఆగిన చప్పుడైంది. హనుమంతప్ప లోపలికి రాలేదు. చీర అవతల నిలబడే అన్నాడు.

"పాపా, బట్టలు మార్చుకో. పోదాం."

అరవలేదు, ఒక్క మాట ఎక్కువ అనలేదు. తడి జుట్టుతోనే పిల్లను ఎక్కించుకుని పోయాడు. మర్నాడు ఎవరో వచ్చి హాస్టల్ నుంచి రేణుక పెట్టె తీసుకుపోయారు. బడి మాన్పించి సింధనూరులో వాళ్ళ అవ్వ దగ్గర పెట్టారని తెలిసింది.

ఆమె పట్టుబట్టింది, వాళ్ళింటికి పోవాలని. ఆటోలో పోయాం. హనుమంతప్ప వరండాలో కుర్చీలు వేయించాడు. ఆమె కూర్చోలేదు. నా వైపు తిరిగి, నిదానంగా, నాకు పొరపాటు రాకూడదని ఒక్కో మాట విడివిడిగా చెప్పింది.

"ఆయన్ను అడుగు. ఆ రోజు అందరి ముందూ సరే అన్నాడు. ఆ మాట నమ్మి నేను ఆయన బిడ్డకు చెప్పాను. ఇప్పుడెందుకు మాట మార్చాడు? బిడ్డనెందుకు శిక్షించాడు?"

ఆయన నా వైపు చూశాడు. "ఏమంటాండారమ్మా?"

 "తప్పయిపోయింది, క్షమించమంటున్నారు" అన్నాను.

"అయ్యయ్యో, అంత పెద్ద మాటెందుకు!" ఆయన రెండు చేతులూ జోడించాడు. "ఆమె తప్పేముండాది? నా బిడ్డే నాకు చెప్పకుండా పోయింది. పైగా నాయన ఒప్పుకొన్న్యాడని నా ముందరే అబద్ధమాడతాది. అదే నాకు పట్టరాని కోపమొచ్చింది టీచరమ్మా. నీళ్ళల్లో దిగినందుకు గూడా అంత కోపం రాల్యా."

"ఏమన్నాడు?" అంది ఆమె.

"మనసు మార్చుకున్నాడట. ఏమీ అనుకోవద్దంటున్నాడు."

ఆమె ఆయన జోడించిన చేతుల వైపు చూసింది. ఆయన లోపలికి కేకేసి ఆమెకు మంచినీళ్ళు తెప్పించాడు. తాగింది. వాళ్ళిద్దరికీ కావలసింది ఒకటే, ఆ పిల్ల కాలవపాలు కాకూడదని. ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. మధ్యలో నేను నిలబడి ఉన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, "ఆయన మంచివాడిలా కనిపించాడు" అంది. 

మిగిలిన రెండు నెలలూ ఆమె ఇంగ్లీషే చెప్పింది. పరదా చీరలు విప్పి, ఉతికి, ఇస్త్రీ చేయించి మా అత్తగారికి తిరిగి ఇచ్చింది. వెళ్ళే రోజు బళ్ళారి స్టేషన్లో, రైలు ఇంకా పెట్టకముందు, బెంచీ మీద నా పక్కన కూర్చుని చెప్పింది. "ఇక్కడ మనుషులు సరే అంటారు, చెయ్యరు. మొదట్లో కోపం వచ్చింది. ఇప్పుడు రావడం లేదు. అది నీ దగ్గరే నేర్చుకున్నాను." ఆమె మెచ్చుకోలుగానే అంది. నేను థాంక్స్ చెప్పాను.

ఏటా డిసెంబరులో కార్డు వచ్చేది. మంచు, చెట్లు, వెనక నాలుగు మాటలు. చివర ఎప్పుడూ ఒకటే ప్రశ్న, రేణుకకు తేలడం గుర్తుందా అని. గుర్తుంది అని రాసేదాన్ని. నాకేం తెలుసు? మూడుసార్లు ఉన్నదున్నట్టు ఈమెయిల్ రాశాను. మూడుసార్లూ పంపలేదు. పెద్దావిడ, ఈ వయసులో ఎందుకు బాధపెట్టడం అనుకునేదాన్ని. ఇది కూడా ఆమె మీద జాలితో చేశానని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. నా భయంతో చేశాను.

మూడేళ్ళ కిందట ఒకసారి సిరుగుప్ప బస్టాండులో రేణుక కనబడింది. పెళ్ళయింది. టెన్త్ బయటినుంచి కట్టి పాసయ్యానని చెప్పింది. బస్సు ఎక్కబోతూ ఆగి అడిగింది. "ఆ మేడమ్ ఎందుకట్ల అబద్ధం చెప్పింది టీచర్, మా నాయన ఒప్పుకొన్న్యాడని?"

"ఆమెకు భాష రాదు కదమ్మా. సరిగ్గా అర్థం కాలేదేమో" అన్నాను. బస్సు కదిలింది.

ఇప్పుడు ఈ మెసేజ్ వచ్చాక మూడో రోజు సిరుగుప్ప బస్సెక్కాను. ఎవరూ వెళ్ళమనలేదు. మా ఆయనకు మాత్రం చీర ఫాల్స్ కుట్టించడానికని చెప్పాను. దారంతా కిటికీ పక్కన కూర్చుని వరి చూశాను. రేణుక తాలూకాఫీసు ఎదురుగా జెరాక్స్ షాపు నడుపుతోంది. రెండేళ్ళ కూతురు కౌంటరు కింద పాత కాగితాలు చింపుకుంటూ కూర్చుంది. నన్ను చూసి రేణుక స్టూలు జరిపింది.

"మేడమ్ పోయారమ్మా" అన్నాను.

"ఏ మేడమ్?" అంది. తర్వాత, "ఓ" అంది. మిషను మూత దించింది. "పాపం. ఎట్లయింది?"

నిద్రలో అని చెప్పాను. ఆ తర్వాత ఊపిరి తీసుకోకుండా మిగతాదీ చెప్పాను. మీ నాయన ఆ రోజు ఒప్పుకోలేదు. మీ మేనత్త సంగతి చెప్పి, వద్దనే అన్నాడు. ఒప్పుకున్నాడని మేడమ్‌తో చెప్పింది నేను. ఆమె అబద్ధమాడలేదు. మీ ఇంటికి వచ్చినప్పుడు కూడా ఇద్దరి మాటలూ మార్చింది నేనే.

అప్పుడే ఒకాయన ఆధార్ కార్డు పట్టుకుని వచ్చాడు. "రెండు పక్కలా, రెండు కాపీలు, జల్దీ తల్లీ" అన్నాడు. రేణుక తీసిచ్చింది. ఆయన వెళ్ళాక నా వైపు తిరిగింది.

"మీరా?"

"నేనే."

"మా నాయనతో రెండేండ్లు మాట్లాడల్యా టీచర్ నేను. ఒప్పుకొని మాట మార్చిన్యాడని. అవ్వ కాడ నుంచి వచ్చినాక గూడా, ఇంట్లో ఒకే పంక్తిలో తింటా, మాట్లాడల్యా. ఆయన ఒట్టు పెట్టుకొని చెప్పినాక మేడమ్‌ని తిట్టుకొన్న్యా. వాళ్ళిద్దర్లో ఒకరు అబద్ధమాడి ఉండాల గదా అనుకొన్న్యా." గొంతు పెరగలేదు. "మీ మీదికి మనసు పోనే లేదు."

  పాప చింపిన కాగితం నా చేతికిచ్చింది. పట్టుకున్నాను.

రేణుక చాలాసేపు మిషను మీద చెయ్యి వేసి నిలబడింది. ఎందుకట్లా చేశానో నేను చెప్పడం కోసమేనని తెలుసు. జవాబు వచ్చేదాకా అట్లా ఆగడం తను ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా తెలుసు. చివరికి తనే అడిగింది.

"మేడమ్‌కన్నా చెప్పినారా ఇది? పోకముందర?"

నిజం చెప్పడానికే యాభై కిలోమీటర్లు వచ్చాను. ఎదురుగా ఆ పిల్ల ముఖం ఉంది. కళ్ళు నిండి ఉన్నాయి, ఇంకా కారలేదు.

"చెప్పానమ్మా" అన్నాను.

"ఏమన్న్యారు?"

"ఏమీ అనలేదు."

రేణుక కొంగుతో ముఖం తుడుచుకుంది. ముఖం తేటపడింది. "అంతమాత్రం చేసినారు, మేలు టీచర్" అంది, నా చెయ్యి పట్టుకుని. "ఆమెకైనా తెలిసి పోయినారు."